డిటెన్షన్‌లో గడిచిన రోజులు గ్రీన్‌కార్డుకు, డిపోర్టేషన్ కేసుకు ఎలా లెక్కకొస్తాయి: అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అంచెలవారీ మార్గదర్శి

"మా బావగారిని తీసుకెళ్లి ఇరవై రోజులైంది. గ్రీన్‌కార్డు ఇక పోయినట్టేనా?" ఈ ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తోంది. డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి అడుగుతున్నారు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులు నిద్రలేకుండా అడుగుతున్నారు.

పోలేదు. డిటెన్షన్‌లో ఎన్ని రోజులున్నా, కేవలం అక్కడ ఉన్నందుకు గ్రీన్‌కార్డు రద్దు కాదు. ఇమ్మిగ్రేషన్ జడ్జి ఇచ్చిన రిమూవల్ ఆర్డర్, అంటే దేశం నుంచి పంపేయమన్న ఆదేశం, ఫైనల్ అయినప్పుడు పోతుంది. లేదా ఆ మనిషే వదులుకుంటున్నానని సంతకం పెడితే పోతుంది.

అలాగని రోజులకు విలువ లేదనుకోకండి. కొన్ని రోజులు కేసును దెబ్బతీస్తాయి, కొన్ని కలిసొస్తాయి, కొన్ని అసలు లెక్కలోకే రావు. ఏ రోజులు ఎటు పోతాయో తెలియక, లోపలి టెన్షన్ తట్టుకోలేక మనవాళ్లు సంతకాలు పెట్టేస్తున్నారు. అందుకే ఈ వ్యాసం. మీ కేసులో ఏం చేయాలో చెప్పాల్సింది ఇమ్మిగ్రేషన్ లాయరే. ఆ లాయర్ని ఏం అడగాలో, ఏ కాగితాలు చేతిలో పెట్టాలో ఇక్కడ చెబుతున్నాను.

## 1. ఎవరి కస్టడీలో ఉన్నారో ముందు తేల్చుకోండి

"జైల్లో ఉన్నాడు" అన్న మాట చాలదు. క్రిమినల్ కేసు మీద కౌంటీ జైల్లో ఉండటం వేరు, ఐస్ (ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని అమలుచేసే ఫెడరల్ విభాగం) అధికారుల డిటెన్షన్‌లో ఉండటం వేరు. రెండోది సివిల్ నిర్బంధం, శిక్ష కాదు. ఎయిర్‌పోర్టులో సీబీపీ (సరిహద్దు తనిఖీ విభాగం) ఆపడం మూడో రకం.

భవనం పేరు చూసి మోసపోవద్దు. చాలా కౌంటీ జైళ్లు తమ గదుల్ని ఐస్‌కు అద్దెకిస్తాయి. ఫోన్ చేసినప్పుడు "ఈయన కౌంటీ కస్టడీలో ఉన్నారా, ఐస్ కస్టడీలోనా?" అని సూటిగా అడగండి.

కౌంటీ జైల్లోనే ఉంటే ఇంకో ప్రశ్న అడగాలి: ఇమ్మిగ్రేషన్ డిటైనర్ పడిందా? డిటైనర్ అంటే, విడుదల చేయాల్సిన సమయం వచ్చాక మరో 48 గంటల వరకు పట్టి ఉంచండి, మేం వచ్చి తీసుకెళ్తాం అని ఐస్ పంపే కాగితం. అది ఉండగా తొందరపడి బెయిల్ కడితే మనిషి ఇంటికి రాడు, నేరుగా ఐస్ చేతికి వెళ్తాడు. పైగా క్రిమినల్ కోర్టు వాయిదాకు హాజరు కాలేకపోతే వారంట్ పడుతుంది. బెయిల్ కట్టే ముందు క్రిమినల్ లాయరు, ఇమ్మిగ్రేషన్ లాయరు ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చేయండి.

## 2. మొదటి రెండు రోజులు

- ఏ-నంబరు, అంటే ఇమ్మిగ్రేషన్ ఫైలు నంబరు, వెతకండి. తొమ్మిది అంకెలు ఉంటుంది. గ్రీన్‌కార్డు మీద "యూఎస్‌సీఐఎస్ నంబర్" అని ఉండేది అదే.
- ఐస్ వెబ్‌సైట్‌లోని డిటైనీ లొకేటర్‌లో ఏ-నంబరు, పుట్టిన దేశం కొట్టి చూడండి. నంబరు దొరక్కపోతే పేరుతో వెతకండి. మన ఇంటిపేర్లు ముందూ వెనకా అవుతుంటాయి కాబట్టి రెండు విధాలా ప్రయత్నించండి.
- ఇమ్మిగ్రేషన్ కోర్టు వాయిదా కోసం 1-800-898-7180 ఆటోమేటెడ్ లైన్‌లో ఏ-నంబరు కొట్టండి. రోజూ చూడండి, తేదీలు మారుతుంటాయి.
- రోజూ వేసుకునే మందుల జాబితా, ప్రిస్క్రిప్షన్ సెంటర్‌కు పంపండి.
- భారత కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు నిర్బంధంలో ఉన్న మనిషికి ఉంది. న్యూయార్క్, షికాగో, హ్యూస్టన్, అట్లాంటా, శాన్‌ఫ్రాన్సిస్కో, సియాటిల్‌లలో కాన్సులేట్లు, వాషింగ్టన్‌లో ఎంబసీ ఉన్నాయి.
- ఫోన్‌లో కేసు వివరాలు మాట్లాడొద్దు. ఆ కాల్స్ రికార్డవుతాయి. "ఎలా ఉన్నావు, తిన్నావా, సంతకం పెట్టకు" అంతవరకే.

ఇమ్మిగ్రేషన్ కోర్టులో ప్రభుత్వం లాయర్ని ఇవ్వదు. లాయర్ని పెట్టుకునే హక్కుంది, ఖర్చు మనదే. కాబట్టి లాయర్ని మాట్లాడుకోవడం కూడా ఈ రెండు రోజుల్లోనే అయిపోవాలి.

ఇక్కడ ఇంత తొందర ఎందుకంటే, న్యూజెర్సీలో పట్టుకున్న మనిషిని లూయిసియానాకో టెక్సస్‌కో తరలించడం మామూలైపోయింది. చోటు మారితే కేసుకు వర్తించే ఫెడరల్ సర్క్యూట్ (ప్రాంతీయ అప్పీళ్ల కోర్టు) తీర్పులూ మారిపోవచ్చు. నిర్బంధాన్నే సవాలు చేసే హేబియస్ పిటిషన్‌ను మనిషి ఆ సమయానికి ఎక్కడ ఉన్నాడో ఆ జిల్లా ఫెడరల్ కోర్టులోనే వేయాలి.

## 3. ఎన్టీఏ కాగితాన్ని ముందు పెట్టుకుని చదవండి

కేసంతా నోటీస్ టు అప్పియర్ అనే ఈ కాగితంతో మొదలవుతుంది. ఫారం ఐ-862. లోపలున్న మనిషికి ఇస్తారు, దాని కాపీ లాయరుకు చేరాలి.

పైభాగంలో మూడు గడులుంటాయి. ఒకటి, అప్పుడే దేశంలోకి వస్తున్న మనిషి. రెండు, అనుమతి లేకుండా లోపల ఉన్న మనిషి. మూడు, అనుమతితో వచ్చాడు గానీ పంపేయదగిన మనిషి. ఏ గడిలో టిక్ పడిందన్న దాన్ని బట్టి బాండ్ (డబ్బు హామీ మీద విడుదల) దొరుకుతుందా లేదా, రుజువు భారం ఎవరిది అన్నవి మారిపోతాయి. వీసా మీద వచ్చినవాళ్లకు, గ్రీన్‌కార్డుతో ఇక్కడే ఉంటూ పట్టుబడినవాళ్లకు మూడో గడిలో టిక్ ఉండాలి. అలా లేకపోతే వెంటనే లాయరుకు చెప్పండి.

దాని కింద వరుస నంబర్లతో ఆరోపణలు, చివర్లో అభియోగపు సెక్షన్ ఉంటాయి. సెక్షన్ 237 అంటే దేశంలో ప్రవేశించినవాళ్ల మీద, 212 అంటే ప్రవేశార్హత లేదన్న అభియోగం. ప్రవేశించిన తేదీ, నేరం జరిగిన తేదీ, శిక్ష వివరాలను మీ దగ్గరున్న కాగితాలతో ఒక్కొక్కటిగా పోల్చండి. తేదీ తప్పుంటే కేసే మారిపోవచ్చు. ఎందుకో కింద చూడండి.

## 4. రోజుల లెక్క

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు గళ్లు గీయండి. అన్ని రోజుల్నీ ఒకే గాటన కట్టడమే అందరూ చేసే పొరపాటు.

మొదటి గడి: కాగితం మీది శిక్ష. ఇమ్మిగ్రేషన్ చట్టం చూసేది ఎన్ని రోజులు లోపల ఉన్నారని కాదు, కోర్టు ఎంత శిక్ష వేసిందని. శిక్షను సస్పెండ్ చేసినా లెక్కే. దొంగతనం కేసులో 365 రోజుల శిక్ష వేసి, మొత్తం సస్పెండ్ చేశారనుకుందాం. ఒక్క రాత్రి కూడా జైల్లో పడుకోలేదు. అయినా అది "అగ్రవేటెడ్ ఫెలొనీ" (ఇమ్మిగ్రేషన్ చట్టం అత్యంత తీవ్రంగా చూసే నేరం) అయిపోయి గ్రీన్‌కార్డును కాపాడుకునే ముఖ్యమైన దారి మూసుకుపోతుంది. అదే 364 రోజులైతే ఆ ముద్ర పడదు. ఆ ఒక్క రోజు కోసమే న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలు చిన్న నేరాల గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించాయి.

నేరం ఒప్పుకుని, తీర్పు వాయిదా వేసి, ప్రొబేషన్‌తో సరిపెట్టినా ఇమ్మిగ్రేషన్ దృష్టిలో అది కన్విక్షనే. "కేసు కొట్టేస్తారు, ఒప్పేసుకో" అన్న సలహా విని మునిగినవాళ్లు చాలామంది. ఒప్పుకుంటే డిపోర్టేషన్ ముప్పు ఉంటుందని క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని 2010లో పడీయా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీకు చెప్పలేదంటే, ఆ పాత ప్లీని (నేరం ఒప్పుకోలును) తిరిగి తెరిచే అవకాశం ఉందేమో అడగండి.

రెండో గడి: శిక్షపడి జైల్లో ఉన్న రోజులు. నేరం రుజువై, ఆ కారణంగా మొత్తం 180 రోజులు లేదా అంతకు మించి జైల్లో ఉంటే, ఆ కాలానికి "మంచి నడవడిక" ఉందని చూపించలేరు. సిటిజన్‌షిప్ దరఖాస్తుకు మామూలుగా వెనక్కి ఐదేళ్లు చూస్తారు, పౌరులను పెళ్లాడి ఆ దారిలో వేసుకుంటే మూడేళ్లు. విచారణకు ముందు జైల్లో ఉన్న రోజులను తర్వాత శిక్షలో జమ కడితే అవి కూడా ఈ 180లో కలుస్తాయి. ఐస్ డిటెన్షన్ రోజులు మాత్రం కలవవు, ఎందుకంటే అది శిక్ష కాదు. కాబట్టి జైలు నుంచి "ఇన్ని రోజులు, ఈ కేసు కింద" అన్న రికార్డు తీసుకోండి. ఐస్ రోజులను దాంట్లో కలిపి రాయకండి.

మూడో గడి: క్యాన్సిలేషన్‌కు, అంటే రిమూవల్‌ను రద్దు చేయమని జడ్జిని కోరడానికి, కావాల్సిన ఏళ్లు. గ్రీన్‌కార్డుదారులకు ఉన్న పెద్ద ఆసరా ఇది, ఫారం ఈఓఐఆర్-42ఏ. మూడు షరతులున్నాయి: గ్రీన్‌కార్డు వచ్చి ఐదేళ్లు, ఏదో ఒక హోదాలో అనుమతితో ప్రవేశించాక ఏడేళ్ల నిరంతర నివాసం, అగ్రవేటెడ్ ఫెలొనీ లేకపోవడం.

ఏడేళ్ల గడియారం మధ్యలో ఆగిపోతుంది. సెక్షన్ 212(ఏ)(2)లో చెప్పిన రకం నేరం చేసిన రోజునే ఆగుతుంది. అరెస్టయిన రోజు కాదు, తీర్పు రోజూ కాదు. లేదా ఎన్టీఏ చేతికిచ్చిన రోజున ఆగుతుంది. ఆ ఎన్టీఏలో హియరింగ్ తేదీ, సమయం అదే కాగితంలో ఉండాలని 2021లో నిజ్-చావెజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అవి లేని కాగితంతో గడియారం ఆగదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2015 ఆగస్టులో ఎఫ్-1 మీద వచ్చారు, 2021 మార్చిలో గ్రీన్‌కార్డు వచ్చింది. గడియారాన్ని ఆపే రకం నేరం 2023 జూన్‌లో జరిగితే ఏడేళ్లు నిండాయి, ఫరవాలేదు. అదే 2022 జూన్‌లో జరిగి ఉంటే రెండు నెలలు తక్కువ పడి ఈ దారి పోయింది. ఎన్టీఏలో నేరం తేదీని అంత జాగ్రత్తగా చూడమన్నది అందుకే.

ఐదేళ్ల లెక్కకు మాత్రం ఈ ఆగిపోయే నియమం లేదు. ఫైనల్ ఆర్డర్ వచ్చేదాకా అది నడుస్తూనే ఉంటుంది, డిటెన్షన్‌లో ఉన్న రోజులతో సహా. పై ఉదాహరణలో 2026 మార్చికి ఐదేళ్లు నిండుతాయి. జనవరిలో హియరింగ్ పడితే వాయిదా కోరాలా వద్దా అన్నది పెద్ద నిర్ణయం. లోపల ఉన్న మనిషికి రెండు నెలలు అంటే మాటలు కాదు. అయినా ఆ లెక్క వాళ్లకు తెలిసి తీరాలి.

గ్రీన్‌కార్డు లేనివాళ్లకు ఈఓఐఆర్-42బీ ఉంది. పదేళ్ల ఉనికితో పాటు, పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయిన భార్యాభర్తలకు, తల్లిదండ్రులకు, పిల్లలకు అసాధారణమైన కష్టం కలుగుతుందని రుజువు చేయాలి. చాలా కఠినమైన దారి.

నాలుగో గడి: హెచ్-1బీ, ఎఫ్-1, పెండింగ్ ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు). ఉద్యోగం పోతే హెచ్-1బీకి దొరికే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. లోపల ఉన్నా ఆ రోజులు కరిగిపోతూనే ఉంటాయి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డుకు వెళ్లేవాళ్లకు, చివరిసారి చట్టబద్ధంగా ప్రవేశించాక స్టేటస్ తప్పిన రోజులు మొత్తం 180 దాటకపోతే సెక్షన్ 245(కే) క్షమిస్తుంది. ఐ-485 ముందే వేసి ఉంటే ఊరట, స్టేటస్ తప్పిన రోజుల లెక్క అక్కడితో ఆగుతుంది. వేయకుండా ఐ-94 (ప్రవేశించినప్పుడు ఇచ్చే రికార్డు) గడువు దాటిపోతే అక్రమ నివాసపు రోజులు మొదలవుతాయి. కోర్టులో కేసు నడుస్తున్నంత మాత్రాన అవి ఆగవు. 180 రోజులు దాటాక దేశం విడిచివెళ్తే మూడేళ్లు, ఏడాది నిండితే పదేళ్లు తిరిగి రాలేరు.

## 5. బాండ్: మొదటి అవకాశాన్నే పూర్తి ఫైలుతో వాడుకోండి

కనీస బాండ్ 1,500 డాలర్లు. జడ్జి చూసేవి రెండే: ఈ మనిషి వల్ల సమాజానికి ప్రమాదమా, బయటికెళ్తే కోర్టుకు మళ్లీ వస్తాడా. ఒకసారి కాదంటే, పరిస్థితులు గట్టిగా మారాయని చూపిస్తేనే రెండోసారి వింటారు. అందుకే సగం కాగితాలతో పరుగెత్తొద్దు.

ఫైలులో ఉండాల్సినవి:

- ఇంటి లీజు లేదా మార్ట్‌గేజ్, కరెంటు బిల్లులు, బయటికొచ్చాక ఉండే చిరునామా
- టాక్స్ రిటర్నులు, ఉద్యోగ ధ్రువీకరణ
- భార్యాపిల్లల పాస్‌పోర్టులు, బర్త్ సర్టిఫికెట్లు, స్కూలు ఉత్తరం
- క్రిమినల్ కేసుంటే తీర్పు ప్రతి, ప్రొబేషన్ పూర్తిచేసిన కాగితం
- తాగి నడిపిన కేసుంటే కౌన్సెలింగ్ సర్టిఫికెట్ తప్పనిసరి. డీయూఐ చరిత్రను జడ్జిలు ప్రమాదం కిందే చూస్తారు
- స్నేహితుల, గుడి కమిటీల ఉత్తరాలు. పదిహేను ఒకేలా ఉన్నవాటికన్నా, సొంత మాటల్లో రాసిన నాలుగు మేలు

అందరికీ బాండ్ ఉండదు. అగ్రవేటెడ్ ఫెలొనీ, చాలా డ్రగ్ కేసులు, రెండు నైతిక పతన నేరాలు (మోసం, దొంగతనం వంటివి) లాంటి వాటికి సెక్షన్ 236(సీ) కింద నిర్బంధం తప్పనిసరి. గ్రీన్‌కార్డుదారులకూ అది చెల్లుతుందని 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే "ఈ సెక్షన్ నాకు వర్తించదు" అని వాదించడానికి జోసెఫ్ హియరింగ్ అనేది ఉంది, దాన్ని అడగాలి. వీసా లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్లకు బాండ్ ఇచ్చే అధికారమే జడ్జిలకు లేదని 2025 సెప్టెంబరులో ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తీర్పునిచ్చింది. అప్పటినుంచి అలాంటివాళ్లు హేబియస్ పిటిషన్లతో ఫెడరల్ కోర్టులకు వెళ్తున్నారు.

జడ్జి బాండ్ ఇచ్చినా ప్రభుత్వం వెంటనే స్టే పెట్టొచ్చు. డబ్బు కట్టేదాకా, మనిషి బయటికొచ్చేదాకా బంధువులకు శుభవార్త చెప్పకండి. డబ్బు కట్టేవాళ్లు పౌరులో గ్రీన్‌కార్డుదారులో అయితే చిక్కులు తక్కువ. రసీదు, బాండ్ ఒప్పందం కట్టినవాళ్ల పేరుమీదే భద్రంగా ఉండాలి.

## 6. సంతకం అడిగినప్పుడు

కోర్టులో ఓడిపోయి గ్రీన్‌కార్డు పోగొట్టుకోవడం ఒక ఎత్తు. ఇంకా గెలిచే దారి ఉండగానే సంతకంతో వదులుకోవడం మరో ఎత్తు. నాకు బాధ కలిగించేది రెండోదే.

ఐ-407. గ్రీన్‌కార్డును స్వచ్ఛందంగా వదులుకునే ఫారం. ఎక్కువకాలం ఇండియాలో ఉండి వచ్చిన పెద్దవాళ్ల ముందు ఎయిర్‌పోర్టులో ఇది పెడుతుంటారు. సంతకం పెట్టాల్సిన అవసరం లేదు. "జడ్జి ముందు చెప్పుకుంటాను" అనే హక్కు వాళ్లకుంది. మీ అమ్మానాన్నలు విమానం ఎక్కేముందే ఈ ఒక్క వాక్యాన్ని ఇంగ్లిష్‌లో కాగితం మీద రాసి పాస్‌పోర్టులో పెట్టండి.

హియరింగ్ వదులుకుని రిమూవల్‌కు ఒప్పుకునే కాగితం. పెడితే అది పూర్తి రిమూవల్ ఆర్డరే. మొదటి ఆర్డర్‌కు మామూలుగా పదేళ్లు తిరిగి రాలేరు, రెండోసారికి ఇరవై, అగ్రవేటెడ్ ఫెలొనీ ఉంటే శాశ్వతంగా.

వాలంటరీ డిపార్చర్, అంటే సొంతంగా దేశం విడిచి వెళ్లడం. ఇది అన్నివేళలా చెడ్డది కాదు. రిమూవల్ ఆర్డర్ ముద్ర లేకుండా వెళ్లొచ్చు. కేసు మొదట్లోనే అడిగితే 120 రోజుల వరకు, చివర్లో అయితే 60 రోజుల వరకు గడువిస్తారు. కానీ గ్రీన్‌కార్డుదారులకు అది కార్డును వదిలేసుకున్నట్టే. ఒప్పుకుని గడువులోగా వెళ్లకపోతే జరిమానా, పదేళ్లపాటు మరే ఊరటా లేకపోవడం.

2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అన్న పేరుతో ప్రభుత్వమే నడిపిన బూటకపు కాలేజీ కేసు గుర్తుందా? మొదటి విడతలో పట్టుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు రాష్ట్రాల పిల్లలే. చాలామంది వాలంటరీ డిపార్చర్‌తో వెనక్కొచ్చారు. గ్రీన్‌కార్డు లేని విద్యార్థికి అది సరైన దారే కావచ్చు. అదే మాట విని ఇరవై ఏళ్లుగా ఇక్కడ స్థిరపడిన గ్రీన్‌కార్డుదారు సంతకం పెడితే నష్టం వేరు.

## 7. లోపల ఉండగానే నడవాల్సిన పనులు

తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని మొదటి హియరింగ్‌లోనే అడగాలి. "ఇండియన్" అనగానే హిందీ ఇంటర్‌ప్రెటర్‌ను ఫోన్ లైన్‌లోకి తెచ్చేస్తుంటారు. ఏదో అర్థమవుతుందిలే అని సర్దుకుపోతే, "ఒప్పుకుంటున్నాను" అన్న మాట రికార్డులో పడిపోతుంది. "తెలుగు, హిందీ కాదు" అని జడ్జికి స్పష్టంగా చెప్పాలి.

పెళ్లి ద్వారా వచ్చిన రెండేళ్ల కండిషనల్ గ్రీన్‌కార్డైతే, గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఐ-751 (ఆ షరతు తొలగించమనే దరఖాస్తు) వేయాలి. డిటెన్షన్ వల్ల ఆ గడువు ఆగదు. పదేళ్ల కార్డు మీద తేదీ దాటితే మాత్రం హోదా పోదు, కార్డు మాత్రమే పాతబడుతుంది.

ఐ-485 పెండింగ్‌లో ఉండి బయోమెట్రిక్స్ లేదా ఇంటర్వ్యూ పిలుపు వస్తే, డిటెన్షన్‌లో ఉన్నారని లాయరు ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. రాకపోతే దరఖాస్తు వదిలేసుకున్నట్టు తీసుకుంటారు.

లోపల క్లాసులు, కౌన్సెలింగ్, గుర్తింపున్న పనులు ఉంటే చేరమనండి. ప్రతిదానికీ సర్టిఫికెట్ తీసుకోవాలి. 42ఏలో చివరి మాట జడ్జి విచక్షణదే కాబట్టి, ఈ నెలల్లో మనిషి ఎలా నడుచుకున్నాడన్నది అక్కడ బరువుగా తూగుతుంది.

## 8. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే తీరు

భార్యాభర్తల గొడవ కేసులో లోపలి నుంచి ఫోన్. ప్రొటెక్షన్ ఆర్డర్ ఉండగా "నన్ను క్షమించు" అని ఫోన్ చేసినా ఉల్లంఘనే. ఉల్లంఘించారని కోర్టు తేలిస్తే, వేరే శిక్ష పడకపోయినా డిపోర్టేషన్‌కు అదే కారణం కాగలదు. రాజీ కుదిరితే ముందు ఆర్డర్‌ను కోర్టులో మార్పించుకోండి, తర్వాతే మాట్లాడుకోండి.

హియరింగ్ తప్పిపోవడం. మనిషి లేకుండానే రిమూవల్ ఆర్డర్ ఇచ్చేస్తారు. నోటీసు అందకపోతేనో, ఆ సమయానికి కస్టడీలో ఉండి తన తప్పు లేకుండా రాలేకపోతేనో కేసు తిరిగి తెరిపించవచ్చు. నోటీసు కవర్లు, జైలు రికార్డు పారేయకండి.

అప్పీలు గడువును పోస్టు చేసిన తేదీతో లెక్కపెట్టడం. బోర్డుకు చేరిన తేదీయే లెక్క. ఆర్డర్ కాగితం మీద రాసిన గడువుకు ముందే చేరాలి. "అప్పీలు చేస్తారా?" అని జడ్జి అడిగితే, తేల్చుకోకపోతే "హక్కు ఉంచుకుంటున్నాను" అనాలి.

ఫైనల్ ఆర్డర్ తర్వాత ఆరు నెలలైతే వదిలేస్తారనుకోవడం. 2001 నాటి జాడ్విడాస్ తీర్పులో ఆ ఆరు నెలల మాట ఉన్న సంగతి నిజమే. కానీ సమీప భవిష్యత్తులో పంపడం సాధ్యం కాదని చూపించగలిగినవాళ్లకే అది. ప్రయాణ పత్రాలు దొరికే దేశస్థులకు పెద్దగా అక్కరకు రాదు.

## 9. విడుదలయ్యాక మొదటి వారం

- చిరునామా మారితే ఐదు రోజుల్లో కోర్టుకు ఈఓఐఆర్-33, పది రోజుల్లో యూఎస్‌సీఐఎస్‌కు (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే విభాగం) ఏఆర్-11 వేయాలి. రెండూ వేరువేరు. ఒకటి వేస్తే రెండోదానికి సరిపోదు.
- కేసు డిటెన్షన్ కోర్టు నుంచి మీ ఊరి కోర్టుకు మారాలంటే లాయరు వెన్యూ మార్పు కోసం మోషన్ వేయాలి. ఆర్డర్ వచ్చేదాకా పాత కోర్టు తేదీయే చెల్లుతుంది.
- ఐస్ చెక్-ఇన్ తేదీలు ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి.
- కేసు నడుస్తుండగా దేశం దాటొద్దు, పెళ్లయినా చావైనా. వెనక్కొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో కొత్తగా ప్రవేశం కోరుతున్న మనిషిగా చూసి, మళ్లీ నిర్బంధిస్తే జడ్జి దగ్గర బాండ్ కూడా ఉండకపోవచ్చు.
- రిమూవల్ కేసు పెండింగ్‌లో ఉండగా సిటిజన్‌షిప్ దరఖాస్తు వేయకండి.
- కేసు ముగిశాక బాండ్ రద్దు నోటీసు, ఫారం ఐ-391, కట్టినవాళ్ల చిరునామాకే వస్తుంది. వాళ్లు ఇల్లు మారితే ఆ సంగతి ఐస్‌కు తెలియజేయాలి. ఆ నోటీసు, అసలు రసీదు రెండూ ఉంటే డబ్బు వడ్డీతో సహా తిరిగొస్తుంది.